‘గుసగుస’ మన మాటేనా?

ప్రశ్న: ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. ధ్వన్యనుకరణ పదాల పాఠంలో గలగల, జలజల, చిటపటలతో పాటు ‘గుసగుస’ను కూడా ఉదాహరణగా ఇచ్చాను. మా సహోపాధ్యాయుడొకరు అది హిందీలోని ‘ఖుసుర్‌ఫుసుర్’ నుంచి వచ్చిన మాటని, అసలు అందులో ధ్వనిని అనుకరించడమేమీ లేదని, పైగా చాటున చెడు చెప్పుకోవడానికే వాడే మాట గనుక పిల్లలకు ఉదాహరణగా తగదని అన్నారు. ఈ మాట పుట్టుక, చరిత్ర, అర్థాలు వివరంగా తెలుపగలరు. – ఒక ఉపాధ్యాయురాలు, తెనాలి

జవాబు: మీరిచ్చిన ఉదాహరణ సరైనదే. ఆ మాటలో ధ్వన్యనుకరణ ఎక్కడుందో తెలుసుకోవడానికి తరగతి గదిలోనే చేసి చూపగలిగిన చిన్న పరీక్ష ఒకటి ఉంది. పిల్లలను గొంతు మీద రెండు వేళ్లు ఆనించుకుని, మామూలు గొంతుతో ‘అమ్మ’ అనమనండి. వేళ్లకు సన్నని అదురు తెలుస్తుంది. అదే మాటను పక్కవాడికి మాత్రమే వినబడేటట్టు చెవిలో చెప్పమనండి. ఈసారి అదురు ఉండదు. నోటి ముందు అరచేయి పెట్టుకుంటే వెచ్చని ఊపిరి మాత్రం తగులుతుంది. మామూలు మాటలో స్వరతంత్రులు కంపించి నాదం పుడుతుంది. చెవిలో చెప్పే మాటలో అవి కంపించవు. వాటి మధ్య ఇరుకైన సందులోంచి గాలి ఒరుసుకుంటూ బయటికి వస్తుంది. వేదమంత్రాల ఉచ్చారణ నియమాలు చెప్పే ప్రాతిశాఖ్యలను రాసిన మన పెద్దలు అక్షరాల ఉచ్చారణను వివరించేటప్పుడు ‘నాదం’, ‘శ్వాసం’ అని రెండు మాటలు వాడారు. ఆ పరిభాషలో చెప్పాలంటే గుసగుసలో నాదం పోయి శ్వాసం మిగులుతుంది.

నాదం పోయినప్పుడు అచ్చులూ, గ జ డ ద బ వంటి హల్లులూ బాగా బలహీనపడతాయి. శ, ష, స అనే ఊష్మాలు, అందులోనూ సకారం, వాటి బలాన్ని చాలావరకు నిలుపుకుంటాయి, ఎందుకంటే అవి మామూలుగా కూడా నాదం లేకుండా గాలి ఒరిపిడితోనే పుట్టే ధ్వనులు. అందుకే పక్క గదిలో ఇద్దరు గొంతు తగ్గించి మాట్లాడుకుంటుంటే మనకు మాటలు తెలియవు గానీ ‘స్... స్...’ అనే చప్పుడు మాత్రం తెగి తెగి వినిపిస్తుంది. ‘గుసగుస’ అనే మాట ఆ చప్పుడుకు పెట్టిన పేరు. గమనించండి: అది మాట్లాడే మనిషి నోటి దగ్గర విన్న ధ్వని కాదు, అర్థం అందనంత దూరంలో నిలబడినవారి చెవికి తగిలిన ధ్వని. ఈ సంగతి ఈ మాట చరిత్రకంతటికీ తాళంచెవి వంటిది. దీని అర్థాలు ఎటు తిరిగినా, వినబడీ వినబడని ఆ మూడో మనిషి వాటిలో ఎక్కడో ఒకచోట ఉంటాడు.

సకారం ఒక్క తెలుగుకే తోచినది కాదు. లాటిన్‌లో ‘సుసుర్రుస్’, టర్కీ భాషలో ‘ఫిసిల్దమక్’, జపాను భాషలో ‘హిసోహిసో’ అంటారు. ఇవేవీ ఒకదానికొకటి చుట్టాలు కావు. మనిషి ఊపిరి ఎక్కడైనా ఒకటే గనుక, దాన్ని విన్న చెవులు ఎవరికి వారు దగ్గర దగ్గర ధ్వనులనే ఎంచుకున్నాయి. అందువల్ల ఇటువంటి మాటల విషయంలో పోలిక కనబడగానే అరువు అని తీర్మానించడం తొందరపాటు అవుతుంది.

అయితే మన పక్క భాషలలో కనిపించే పోలిక ఇంతటితో ఆగేది కాదు. తమిళంలో ‘కుసుకుసు’ అంటారు. మలయాళంలో ‘కుశుకుశుక్కుక’ అనే క్రియ ఉంది. కన్నడంలో ‘గుసుగుసు’ అంటారు. ఇక్కడ సకారం మాత్రమే కాదు, కంఠ్యమైన క-గ, దాని మీది ఉకారం, మాట అచ్చంగా రెండుసార్లు రావడం, అన్నీ కలుస్తున్నాయి. భాషాశాస్త్రవేత్తలు బరో, ఎమెనో కలిసి కూర్చి 1961లో ప్రచురించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఇటువంటి అనుకరణ పదాలను కూడా సోదర భాషల జ్ఞాతి పదాలుగా స్వీకరించింది. తమిళ మలయాళాలలో మాట మొదట పరుషమైన కకారం ఉండటం, తెలుగు కన్నడాలలో అది సరళమైన గకారం కావడం ఇతర మాటల్లోనూ కనిపించేదే. ఉకారంతో ముగిసే కన్నడ ‘గుసుగుసు’కు ఎదురుగా మన మాట అకారంతో ముగియడం కూడా తెలుగు పోకడే: గలగల, జలజల, గబగబ, చకచక, లొడలొడ, రుసరుస, బుసబుస. ‘గుసగుస’ వీటి నడుమ పుట్టిపెరిగిన మాటలా ఉందే తప్ప బయటినుంచి వచ్చి సర్దుకున్న మాటలా లేదు.

ఇక ‘ఖుసుర్‌ఫుసుర్’ సంగతి. హిందీ మాటలో రెండో భాగం మొదటిదాని అచ్చు కాదు. ‘ఖు’ స్థానంలో ‘ఫు’ వచ్చింది. మరాఠీ ‘కుజబుజ’లోనూ అంతే, రెండో భాగంలో ‘కు’ పోయి ‘బు’ వచ్చింది. మనవైపు మాటలు ఉన్నదున్నట్టు రెట్టిస్తాయి. హిందీ మాటను అరువు తెచ్చుకుని ఉంటే ఆ మార్పు జాడ ఏదో ఒకటి మిగిలి ఉండాలి, ఎందుకంటే ‘గజిబిజి’, ‘తికమక’ వంటి మాటలలో మొదటి హల్లును మార్చి రెట్టించే పద్ధతి మనకు కొత్తేమీ కాదు. మరోవైపు, ఇవి మనవైపు నుంచే ఉత్తరానికి వెళ్లాయని అనడానికి కూడా ఆధారం లేదు. ఎమెనో 1969లో రాసిన ఒక వ్యాసంలో అనుకరణ పదాలు ఆర్య, ద్రావిడ భాషలకు ఉమ్మడి సొత్తుగా ఎలా పెరిగాయో చూపించారు. వేల ఏళ్లు ఇరుగుపొరుగుగా బతికిన భాషల మధ్య ఇటువంటి మాటలకు సరిహద్దు గీయడం కష్టం. మీ సహోపాధ్యాయుడితో చెప్పదగినది ఇది: ‘గుసగుస’కు హిందీ మాట దూరపు పోలిక, కన్నడ తమిళ మాటలు రక్తసంబంధీకులు.

తెలుగులోనే దీనికి ఇంకొక రూపం ఉంది, ‘గుజగుజ’. ఇది మన కావ్యభాషలో చక్కగా నిలిచిన మాట. పదిహేనో శతాబ్దపు పోతన భాగవతంలో, వామన చరిత్రలో, బలిచక్రవర్తి యాగశాలలోకి పొట్టి వడుగు నడిచివచ్చినప్పుడు సభలోనివారిని వర్ణిస్తూ కవి ఎత్తుకున్న మొదటి మాటే ‘గుజగుజలు వోవువారును’. ఆ ఘట్టాన్ని ఒక్కసారి మనసులో చూడండి. వచ్చినవాడు ఎవరో తెలియదు. చూస్తే చిన్నవాడు, తేజస్సు చూస్తే చిన్నవాడు కాడు. పైకి అడిగే ధైర్యం ఎవరికీ లేదు, అడగకుండా ఉండే నిబ్బరమూ లేదు. సభంతా ఒకరి చెవికి ఒకరు వంగుతున్నారు. అక్కడ చాడీ లేదు, కుట్ర లేదు, ఉన్నది విస్మయం. ఈ మాట చెడుకే వాడతారన్న ఆక్షేపణకు ఈ ఒక్క ప్రయోగం చాలు.

‘గుస’, ‘గుజ’ రెండూ ఒకే మాటకు రెండు రూపాలని నేను భావిస్తున్నాను. మన వ్యాకరణంలో చకారానికి మెత్తనైన రూపాలు రెండున్నాయి: గసడదవాదేశంలో చకారం సకారమవుతుంది, సరళాదేశంలో జకారమవుతుంది. ఆ సూత్రాలు చెప్పేది మాటల కూడిక గురించే అయినా, తెలుగువాడి నోట చ-స-జలు ఎంత దగ్గరివో వాటిని బట్టి తెలుస్తుంది. తమిళ లిపిలో ‘కుసుకుసు’ రాసేది కూడా చకారంతోనే. ఇది నా ఊహ మాత్రమే గానీ ఆధారం లేని ఊహ కాదు. వాడుకలో ‘గుజగుజ’ క్రమంగా వెనక్కి తగ్గి ‘గుసగుస’ నిలిచింది. సకారం ఉన్న రూపమే అసలు చప్పుడుకు దగ్గరగా ఉండటం అందుకు కారణమై ఉండవచ్చు. ‘గుజగుజలు పోవు’ అనే పాత పలుకుబడిలోని ‘పోవు’ను కూడా పిల్లలకు చూపండి, ‘హొయలు పోవు’, ‘వెలవెలపోవు’లలో ఉన్నది అదే. ఇప్పుడు దాని స్థానంలో ‘ఆడు’ వచ్చి ‘గుసగుసలాడు’ అయింది.

అర్థాల విషయానికి వస్తే, మొదటిది చప్పుడు. గాలికి చెరుకు తోటలోనో రావి చెట్టు మీదనో ఆకులు ఒరుసుకున్నప్పుడు ‘ఆకుల గుసగుస’ అంటాం. అక్కడ మనిషి లేడు, రహస్యమూ లేదు. రెండోది ఆ చప్పుడుతో మాట్లాడే పద్ధతి: పసిబిడ్డ నిద్రలేస్తుందని ఊయల పక్కన తల్లులు గుసగుసగా మాట్లాడుకుంటారు, హరికథ మధ్యలో వెనక వరుసవాళ్లు గుసగుసలాడుతారు. మూడోది ఆ పద్ధతిలో చెప్పుకున్న విషయం, అంటే ఇంకా బయటపడని సంగతి. ‘పార్టీలో గుసగుసలు’ అని పత్రికలు రాసేది, సినిమా పేజీలో ‘గుసగుసలు’ అని శీర్షిక పెట్టేది ఈ అర్థంలోనే. తమిళ పత్రికలు ‘కిసుకిసు’ అనే మాటను సరిగ్గా ఇందుకే వాడుతున్నాయి. అచ్చయి లక్షలమంది చదివిన తరువాత అది గుసగుస ఎలా అవుతుందని అడగవచ్చు. కానీ ఇక్కడ మాట సూచించేది గొంతును కాదు, పూచీ పడేవారు లేకపోవడాన్ని. మీ సహోపాధ్యాయుడు చెప్పిన చెడు అర్థం ఈ మూడో మెట్టు మీద మాత్రమే ఉంది, అదీ ఎల్లప్పుడూ కాదు.

ప్రశ్న: చెవిలో మెల్లగా చెప్పడానికి సంస్కృతంలో గౌరవమైన మాటలు ఉన్నాయంటారు. అవి ఏమిటి? ఉపనయనంలో తండ్రి గాయత్రిని చెవిలో చెప్పడాన్ని గుసగుస అనవచ్చునా? – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: అనకూడదు. మీ ప్రశ్న మాత్రం చాలా మంచిది, ఎందుకంటే ధ్వనిపరంగా ఆ రెండూ ఒకటే. పీటల మీద తండ్రి, వటువు, తల్లి కూర్చుంటారు. వారి తలల మీదుగా కొత్త వస్త్రం కప్పుతారు. ఆ మసక వెలుతురులో తండ్రి కొడుకు కుడిచెవికి నోరు దగ్గరగా చేర్చి, ఒక్కొక్క పాదంగా మంత్రం చెబుతాడు. బయట నిలబడినవారికి వస్త్రం కదలిక తప్ప ఏమీ తెలియదు. దాన్ని మనం ఉపదేశం అంటాం. నామకరణంలో బిడ్డ చెవిలో పేరు చెప్పడమూ, ముస్లిముల ఇళ్లలో అప్పుడే పుట్టిన బిడ్డ కుడిచెవిలో అజాన్ పలకడమూ ఇటువంటివే. అక్కడ చెప్పేది నలుగురికీ తెలిసినదే. దాచడం కోసం కాక, ఒక్క చెవికే అందించడం కోసం గొంతు తగ్గుతుంది. ‘గుసగుస’ అనగానే వినకూడని మూడో మనిషి గుర్తుకు వస్తాడు గనుక ఆ మాట ఇక్కడ నప్పదు.

దీనికి శాస్త్రంలో ఉన్న మాట ‘ఉపాంశువు’. జపం వాచికం, ఉపాంశువు, మానసం అని మూడు విధాలు. పెదవులు కదులుతూ, పక్కవారికి వినబడకుండా చేసేది ఉపాంశువు. విధియజ్ఞం కంటే జపయజ్ఞం పది రెట్లు, ఉపాంశు జపం నూరు రెట్లు, మానస జపం వేయి రెట్లు శ్రేష్ఠమని మనుస్మృతి రెండో అధ్యాయం చెబుతుంది. శ్రౌత కర్మలలోనూ, అంటే వేదోక్తమైన యాగాలలోనూ, ఋక్కులను బిగ్గరగా, యజుస్సులను ఉపాంశువుగా చెప్పాలన్న నియమం ఉంది. గొంతు తగ్గినకొద్దీ మాట విలువ పెరుగుతుందన్న ఈ లెక్క, గుసగుసను అనుమానంగా చూసే లోకపు చూపుకు సరిగ్గా ఎదురుగా నిలబడుతుంది.

అయితే సంస్కృతంలోనూ చెవిలోని మాటకు మచ్చ లేకపోలేదు. ‘కర్ణేజపుడు’ అంటే, విడమరిస్తే, చెవిలో జపించేవాడు, వాడుకలో కొండెగాడు. పాణిని ఈ మాట కోసం ‘స్తంబకర్ణయో రమిజపోః’ అని ప్రత్యేకంగా సూత్రం చేశాడు. అదే సూత్రంతో సిద్ధించే రెండో మాట ‘స్తంబేరమం’, గడ్డిదుబ్బులలో విహరించేది, ఏనుగు. కొండెగాడూ ఏనుగూ ఒకే సూత్రంలో ఇమిడిపోయిన వైనం వ్యాకరణం చదివేవారికి ఎన్నటికీ మరపురాదు. అమరకోశం కర్ణేజపుడిని సూచక, పిశున, దుర్జన, ఖల శబ్దాల వరుసలో నిలబెట్టింది. జపమనే పవిత్రమైన మాటే చెవి పక్కన చేరేసరికి ఎంత దిగిపోయిందో చూడండి.

నాటకాలలో ఈ లోగొంతుకకు శాస్త్రమే ఏర్పడింది. రంగం మీద పలువురు ఉండగా ఒకరికి మాత్రమే చెప్పే మాట ‘జనాంతికం’. పాత్రధారి అనామికను, అంటే ఉంగరపు వేలిని, వంచి మిగిలిన వేళ్లు నిటారుగా నిలిపే త్రిపతాక హస్తాన్ని అడ్డుగా పెట్టి ఆ మాట చెబుతాడు. కూచిపూడి నేర్చుకునేవారికి ఆ హస్తం తెలుసు. నిజంగా గొంతు తగ్గిస్తే ప్రేక్షకులకు వినబడదు గనుక, గుసగుసను గొంతులోంచి చేతిలోకి మార్చారన్నమాట. ప్రేక్షకులకు కూడా చెప్పదలచుకోనప్పుడు ‘చెవిలో’ అని సూచన రాసి, ‘ఇట్లు, ఇట్లు’ అనిపించి ఊరుకుంటారు.

ప్రశ్న: గొణగడం, సణగడం, నసగడం, గుసగుసలాడటం, ఇవన్నీ ఒకటే కదా? ‘చెవులు కొరుక్కోవడం’ ఎలా వచ్చింది? – ఒక డిగ్రీ విద్యార్థిని, విజయనగరం

జవాబు: ఒకటి కావు. గొణగడంలో నాదం ఉంటుంది, పెదవులే సరిగా విచ్చుకోవు. ఎదుటివారు విన్నా వినకపోయినా గొణిగేవారికి ఫరవాలేదు, ఒక్కరే ఉండి కూడా గొణగవచ్చు. సణుగుడు ఒకే అసంతృప్తిని తిప్పి తిప్పి అనడం. నసగడంలో చప్పుడు కంటే సందేహం ముఖ్యం. అప్పు అడగడానికి వచ్చినవాడు నసుగుతాడు. గుసగుసకు మాత్రం వినేవారొకరు తప్పనిసరి, నాదం ఉండదు. మంతనాలు వీటన్నిటికీ వేరు. ‘మంత్రణం’ నుంచి వచ్చిన ఆ మాటలో విషయం రహస్యం, గొంతు కాదు. తలుపులు మూసుకుని మామూలు గొంతుతోనే మంతనాలు సాగించవచ్చు.

‘చెవులు కొరుక్కోవడం’ కంటికి కనిపించిన దృశ్యం నుంచి పుట్టిన పలుకుబడి. ఇద్దరు గుసగుసలాడుతుంటే దూరంనుంచి చూసేవారికి ఒకరి నోరు ఇంకొకరి చెవిని అందుకున్నట్టు కనిపిస్తుంది. పెళ్లిపందిట్లో ఆడపెళ్లివారి వరుసను మగపెళ్లివారి వైపునుంచి చూడండి, ఈ మాట ఎందుకు పుట్టిందో తెలిసిపోతుంది. ‘గుసగుస’ దూరంనుంచి విన్నవారి మాటయితే ఇది దూరంనుంచి చూసినవారి మాట. రెండింటిలోనూ విషయం అందనిది ఆ మూడో మనిషికే.

ప్రశ్న: ‘పుకారు’, ‘వదంతి’, ‘గుసగుస’లలో తేడా ఏమిటి? – ఒక పాఠకుడు, బళ్లారి

జవాబు: వదంతి సంస్కృత క్రియ. ‘వదంతి’ అంటే ‘చెబుతున్నారు’ అని అర్థం. ఎవరు చెబుతున్నారో ఉండదు. ‘కింవదంతి’ని అమరకోశం ‘జనశ్రుతి’ అంది. పుకారు హిందుస్తానీ నుంచి వచ్చింది, అక్కడ దాని అర్థం పిలుపు, కేక. కేక వేసి చెప్పినదీ, ఊపిరితో చెప్పినదీ చెరొక వైపునుంచి బయలుదేరి తెలుగులో ఇంచుమించు ఒకే అర్థానికి చేరుకున్నాయి. ఊరంతా పాకిన తరువాత అది పుకారు. ఇంకా నలుగురైదుగురి మధ్యే ఉన్నంతవరకు గుసగుస.

ప్రశ్న: అనువాద నవలల్లో ‘“ఇక్కడే ఉండు,” అని ఆమె గుసగుసలాడింది’ వంటి వాక్యాలు చదివినప్పుడు ఏదో ఎబ్బెట్టుగా ఉంటుంది. నా చెవిదే లోపమా? – ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: మీ చెవి సరిగానే ఉంది. ‘గుసగుసలాడు’ అనే క్రియకు మన వాడుకలో సాధారణంగా ఇద్దరు కావాలి, అది కాసేపు సాగాలి. ‘వాళ్లిద్దరూ గుసగుసలాడుకుంటున్నారు’ అన్నప్పుడు ఎంతో సహజంగా ఉండే మాట, ఒక్క మనిషి అన్న ఒక్క వాక్యం చివర తగిలించేసరికి కుదురుకోదు. పైగా ఏమన్నదో మనకు వినబడనప్పుడు వాడే మాటను, అన్న మాటను అక్షరాలా ఉటంకించిన తరువాత వాడటంలో ఒక పొసగనితనం ఉంది. మన కథకులు ఇటువంటి చోట్ల ‘గొంతు తగ్గించి అంది’, ‘చెవిలో చెప్పింది’, ‘లోగొంతుకతో అంది’, ‘వినీ వినబడనట్టు అంది’ అని సందర్భాన్ని బట్టి రాస్తారు. ‘గుసగుసగా అంది’ అన్నా తప్పులేదు. అక్కడ అది క్రియ కాక చెప్పిన తీరుకు విశేషణం గనుక ఒక్క మనిషికీ ఒక్క మాటకూ నప్పుతుంది.